లేడీస్ బెంచీ

"లేడీస్ బెంచీ ఆ మూలకేసిన్రు. ఆడికెల్లి మా ఆమెకు తెర ఎనకున్నదే కనబడ్తది గని స్టేజీ కనబడ్తలేదు. ఇదేం ఇంతెజాం భాయ్?"

ఇంటర్వెల్‌లో ఇస్సాకు చేసిన లొల్లికి శాలిబండ నాటకాల హాలు మేనేజరు వైకుంఠం తల పట్టుకున్నాడు. చివరికి ముందు వరసలో రెండు కుర్చీలు వేయించాడు.

రాహేలు సణుక్కుంటూ వచ్చి భర్త పక్కన కూర్చుంది. "ఆడనే మంచిగుండె," అంది.

తెర లేచింది. బుర్రమీసాల సేనాపతి రాణిని జుట్టు పట్టి ఈడ్చాడు. హాలంతా శాపనార్థాలు పెట్టింది. "థూ, బద్మాష్!" అంటూ ఇస్సాకు చెప్పు తీసి చెయ్యెత్తాడు.

రాహేలు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏందే? వాని తరఫునా నువ్వు?"

"జర మెల్లగ తిట్టుండ్రి. రాణి ఏషం కట్టినామె బిడ్డ తెర ఎనక పండుకున్నది. ఇందాకటి దాంక ఒకటే ఏడుపు."

"అయితే వీనికేంది?"

"భుజం మీదేసుకొని జోకొట్టింది ఆ సేనాపతే."

ఇస్సాకు చెప్పు కిందేసి కాలికి తొడుక్కున్నాడు.

స్టేజీ మీద సేనాపతి తల వెనక్కి వాల్చి వికటంగా నవ్వాడు. అదీ మెల్లగానే.

"వినబడ్తలేదు!" అని వెనక బెంచీలు గోల పెట్టాయి.

ఇస్సాకు వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.