అభ్యంతరం ఉన్నవారు

నా కొత్త పేరు మీద అభ్యంతరం ఉన్నవాళ్లు రావచ్చని పేపర్లో ప్రకటన వేయించాను. అది లేనిదే ప్రభుత్వ ఆఫీసులో పేరు మార్చరు. వచ్చింది ఒక్కరే, మా నాన్న.

"మగపిల్లాడిగా పుట్టి ఆడపేరేంటండీ? మా పరువు బజారున పడేశాడు!" అంటూ బల్ల గుద్దాడు.

గుమస్తా నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "రాసుకుంటానండీ. ఇంతకీ ఈ శాల్తీ మీకేమవుతుంది?"

"ఏమీ కాడు. ఎప్పుడో చచ్చాడనుకున్నాం."

"ఏమీ కానివాళ్ల అభ్యంతరం చెల్లదండీ. కొడుకో కూతురో, ఏదో ఒకటి చెప్పండి."

నాన్న పళ్లు కొరికాడు. విసురుగా వెళ్లిపోయాడు.

గుమస్తా విసుక్కుంటూ స్టాంపు గుద్దాడు. "గెలిచావుగా, ఇక కదులు."

నేను తలుపు వైపే చూస్తున్నాను. నన్ను ఓడించడానికైనా సరే, ఒక్కసారి కూతురని ఉండొచ్చుగా!