ఎర్ర రిబ్బను

"ఏయ్ ముసలోడా! ఆ ముడి ఎందుకు విప్పుతున్నవ్?"

విజయేంద్ర కేకకు చెరువులోని కొంగలన్నీ లేచిపోయాయి.

నీటి ఒడ్డున పొదకు కట్టిన ఎర్ర రిబ్బను విప్పుతున్న ముసలాయన చెయ్యి ఆగింది.

భర్త వెనకే స్ఫూర్తి కూడా లేచింది. ఆ ముడి వేసి పది నిమిషాలైనా కాలేదు. కూతురు మేఘ జడలోంచి తీసి, కళ్ళు మూసుకుని మొక్కుకుని కట్టిన రిబ్బను అది.

మేఘకు ఎనిమిదేళ్ళు. వారానికి రెండుసార్లైనా ఫిట్స్ వస్తాయి. ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు. ఆదివారం కాస్త గాలి మారుతుందని పొద్దున్నే రాయచూరులో బయలుదేరి, మస్కి దాటాక ఈ రాళ్ళగుట్ట ఎక్కారు. గుట్ట నడినెత్తిన చెరువు. ఒడ్డున అక్కడక్కడ పొదలకు ఎర్రగుడ్డ పేలికలు కనిపించాయి.

"మొక్కుల జాగా లెక్క ఉన్నది. మనం గూడ కడదాం," అన్నది స్ఫూర్తి.

ఒకరి మొక్కు మీద మన మొక్కు పడకూడదని, ఏ గుడ్డా లేని పొదను వెతికి మరీ కట్టింది. ఇప్పుడు ఈ ముసలాయన దాన్నే విప్పుతున్నాడు.

"బేడ తాయీ," అన్నాడాయన, వద్దన్నట్టు చెయ్యి ఊపుతూ. "ఈడ కట్టొద్దు. ఇది..."

"వద్దంటానికి నువ్వెవరు? ఈ గుట్ట నీ అయ్య జాగీరా?"

"అది గాదు సామీ, ఈ పొద కాడ..."

వినే ఓపిక విజయేంద్రకు ఏనాడుంది గనుక! భుజం పట్టి ఒక్క తోపు తోశాడు. ముసలాయన మోకాలు బండకు కొట్టుకుని కూలబడ్డాడు.

సగం ఊడిన రిబ్బనును బిగించి, విజయేంద్ర ఇంకో రెండు ముళ్ళు వేశాడు.

ముసలాయన ఎలాగో లేచాడు. కుంటుకుంటూ గుట్ట దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగాడు.

"పాపను ఆ దిక్కు పోనియ్యకుండ్రి తల్లీ."

స్ఫూర్తి ఒళ్ళు మండిపోయింది.

"చూసినవా, పోతపోత నా బిడ్డకు శాపం పెడ్తున్నడు!"

ఆ భయంతో పిల్లను ఒళ్ళోంచి దింపలేదు. నీళ్ళ దగ్గరికి పోతానని మేఘ ఎంత ఏడ్చినా వదల్లేదు.

ఆ వారం మేఘకు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు.

"కొత్త మందు పనిచేస్తున్నట్టున్నది," అన్నాడు విజయేంద్ర.

"మందు గాదు, మొక్కు," అన్నది స్ఫూర్తి.

మళ్ళీ ఆదివారం కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు. గుట్ట కింద చాయ్ అమ్మే యంకవ్వ వాళ్ళను ఆపింది.

"పైకి పోనిస్తలేరమ్మా. పోలీసులున్నరు. నిన్న మా ఊరి పిల్ల చెరువుల దిగి జారి పడ్డది. ఈ పాపంత ఉంటది. మా హనుమంత దుంకి ఒడ్డుకు తోసిండు. పిల్ల బతికింది. ఆయన పైకి రాలే."

"హనుమంత ఎవరు?"

"గొర్లు కాసే ముసలాయన. పోయిన ఆదివారం ఎవడో పుణ్యాత్ముడు తోసేసిండంట. మోకాలు వాచి వారమంత మంచం దిగలే. 'గుట్ట మీద పనున్నది యంకవ్వా, ఎక్కాలె' అని ఒకటే ఆరాటం. నిన్న కట్టె పట్టుకొని ఎక్కిండు. ఆయన పోయేసరికే పిల్ల నీళ్ళల్ల ఉండె."

విజయేంద్ర తల వంచుకున్నాడు.

 స్ఫూర్తికి అడగడానికి భయం, అడగకుండా ఉండలేకపోయింది.

"ఆ పిల్ల... ఎక్కడ దిగింది?"

"ఎర్ర రిబ్బను కట్టి ఉండెనంట, దాన్ని చూసి దిగింది. అది ఎవరు కట్టిండ్రో!"

స్ఫూర్తి చేతిలోంచి కొబ్బరికాయ జారి దొర్లిపోయింది. యంకవ్వ అది గమనించలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆ చెరువు కాడ ఎర్రగుడ్డ కట్టేది హనుమంత ఒక్కడే తల్లీ, కాలు నిలిచే చోటు చూసి కడ్తుండె, అది నమ్మి దిగినోళ్ళు ఇరవై ఏండ్లల్ల ఒక్కరు మునగలే."