వరస కలిపే పురుగు

"ఏ ఊరోళ్లు మీరు? పెండ్లికూతురు మీకేమైతది?"

భోజనాల హాలు గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాచి అడిగాడు కొండల్. ఎదురుగా ఉన్న ఇద్దరు కుర్రాళ్లు బిత్తరపోయారు.

"అక్కయితది," అన్నాడొకడు.

"చెల్లెయితది," అన్నాడు రెండోవాడు, అదే క్షణంలో.

"అక్కనో చెల్లెనో తేల్చుకోని రాండ్రి. అందాక పైన ఇంకో పెండ్లయితున్నది, ఆడికి పోయి తినున్రి!"

వాళ్లు గొణుక్కుంటూ మెట్లెక్కారు. అప్పటికి అలా పైకి తోలినవాళ్లు ఇరవై మంది. కొండల్ తలకు చుట్టిన గులాబీ ఫేటా సవరించుకుని మీసం దువ్వాడు. ఈ ఏడు ఏ పెళ్లికి పోయినా అదే రంగు ఫేటా. మీసం దువ్వక ఏం చేస్తాడు! ఇవాళ ఆయన పరువు మటన్ గంజుల్లో ఉడుకుతోంది మరి.

పోయినేడు చెల్లెలు రామవ్వ కొడుకు పెళ్లిలో భోజనాల దగ్గర కాపలా కొండల్‌దే. హాస్టల్ కుర్రాళ్లు ఓ యాభై మంది "మామా, బాగున్నవా" అని వరస కలిపి పలకరిస్తూ లోపలికి పోయి కడుపారా తిన్నారు. అసలు చుట్టాలకు పప్పే గతయింది. బావ పరశురాములు ఎనిమిది నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు బావ కూతురు మమతారాణి పెళ్లి. "అన్నా, ఈసారి గిన మటన్ తక్కువ పడ్డదంటే ఆయన నిన్ను మా గడప తొక్కనియ్యడు" అని రామవ్వ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది.

అందుకే బోథ్ నుంచి మూడు బస్సులు మారి, ఆలస్యమైందని ఉరుకులు పరుగుల మీద హుజూరాబాద్ చేరాడు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఎవరో ఫేటా చుట్టి "రాండ్రి, రాండ్రి" అంటే నేరుగా వచ్చి ఈ గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లిపందిరి మొహం కూడా చూడలేదు.

ఈసారి ఉత్త చేతులతో రాలేదు, శాస్త్రంతో వచ్చాడు. రామవ్వ చిన్న కూతురు సృజన వరంగల్‌లో మైక్రోబయాలజీ చదువుతోంది. పసుపు దంచిన నాడు ఆ పిల్ల పాఠం చెప్పింది.

"మామా, వైరస్ పురుగు ఒంటి మీద ముండ్లుంటయ్. గ్లైకోప్రోటీన్లంటరు. ప్రోటీనుకు చక్కెర పూత అన్నట్టు. ఆ ముల్లుతోని మన కణం దర్వాజ పట్టుకోని వరస కలుపుతది. చుట్టమే అనుకోని కణం తలుపు తీస్తది."

"మరి ఒంట్ల కాపలోళ్లు ఏం జేస్తుంటరు?"

"ఆ చక్కెర గూడ మనదే మామా! మన కణంల దూరి, మన చక్కెరనే పూసుకోని బయటికొస్తది. కాపలోళ్లు చూసి మనోడే అనుకుంటరు. టీకా ఏస్తే ముల్లును గుర్తు పడ్తరు. ఒక్కోపారి కాపలోళ్లే గల్తీ జేసి సొంతోళ్లను కొడ్తరు. అది ఇంకో రోగం."

"హాస్టల్ పోరలు గదే జేసిన్రు బిడ్డా!" అని తొడ చరిచాడు కొండల్. ఆ చివరి ముక్క ఆయన చెవికెక్కలేదు.

ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. సృజనే.

"మామా, వచ్చినవా? ఎక్కడున్నవ్?"

"దర్వాజ కాడనే. ఫికర్ జెయ్యకు."

"ఎవరో ఎరుగనోళ్లు వస్తుండ్రు మామా. బాపు పరేషాన్ అయితుండు. జర చూడు!"

బ్యాండు మోతలో మిగతాది వినపడలేదు. కొండల్‌కు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారడానికి వంట మేస్త్రీ నరేశ్‌ను పిలిచి మటన్ రుచి చూశాడు. కాపలాదారుకు బలముండాలి కదా అని రెండోసారి కూడా చూశాడు. మగపెళ్లివారి పెద్దాయన ఒకరు వచ్చి భుజం తట్టాడు.

"ఆడపెండ్లోళ్లంటే గిట్లుండాలె బావా! దగ్గరుండి చూసుకుంటున్నవ్."

"అంతా మీ దయ బావా," అని కొండల్ ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు.

అప్పుడొచ్చాడు అసలు సిసలు దొంగ. తలకు ఫేటా లేదు. వెనక బస్సు నిండా జనం.

"పెండ్లికూతురు నీకేమైతది?"

"మేనకోడలు. నేను మేనమామను. జరుగు."

కొండల్ కళ్లెర్రబడ్డాయి. దొంగ వరస కలిపితే కలిపాడు, ఎవడి దగ్గర ఏ వరస చెప్పాలో కూడా తెలియలేదే వీడికి!

"పెండ్లికూతురు మేనమామను నేనయ్యా! నా ముంగట్నే నా వరస గుంజుకుంటవా? నీ ఫేటా ఏది?"

"చెమట పడ్తుందని బస్సుల పెట్టిన. ధర్మపురి నుంచి వస్తే నన్నే ఆపుతవా? నువ్వెవడివిరా?"

"నీ ముల్లు నాకు దొరికింది బిడ్డా!" అన్నాడు కొండల్. ఆ ముల్లేమిటో అతనికి అర్థం కాలేదు. నరేశ్ గరిటె పట్టుకుని కొండల్ పక్కన నిలబడ్డాడు. చుట్టమెవరో కానివాడెవరో వంటవాడికేం తెలుసు? ఫేటా ఉన్నవాడి మాటే చెల్లింది.

"థూ! గీ బువ్వ మాకొద్దు!" అన్నాడతను అలిగి.

"ఆకలితోని పోకున్రి. పైన పెండ్లోళ్లు మంచోళ్లు, వరస అడుగుతలేరు."

"ఆడనే తింటం! నీ కండ్ల ముంగట్నే పోయి తింటం!"

అరవై మంది కచ్చగా మెట్లెక్కారు. పాపం పైవాళ్లు అనుకున్నాడు కొండల్, ఒక్క క్షణం.

మూడు గంటలకు బంతులు ముగిశాయి. మటన్ గంజులు మూడు, మూత కూడా తీయకుండా మిగిలాయి. కొండల్‌కు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ ఇక పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాడు. చెల్లెలు తలెత్తుకుని తిరుగుతుంది.

అంతలో సృజన ఖాళీ స్టీలు బకెట్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. పిల్ల మొహం వాడిపోయి ఉంది.

"చూడు బిడ్డా, మూడు గంజులు! దొంగ వరసోణ్ని ఒక్కణ్ని రానియ్యలే. అందర్ని పైకి తోలిన. మీ బాపును పిలువు!"

సృజన గంజుల వైపు చూసింది. ఆయన ఫేటా వైపు చూసింది. బకెట్ చేతిలోంచి జారి కింద పడింది.

"మామా, పైన పెండ్లే మనది."