మొదటి కార్డు

"వదినా, షాపు విజిటింగ్ కార్డులో అన్నయ్య పేరు తీసేసి నాది పెట్టు. ఆయన పోయాక ఫ్రిజ్ రిపేరు షాపు నాదేగా," అన్నాడు మరిది.

నన్ను షాపులోంచి గెంటింది వీడే. ఊళ్లో ఇన్ని టైపింగ్ సెంటర్లుండగా, జీతానికి కూర్చున్న నన్ను చూసి మురిసిపోవడానికే ఇక్కడికొచ్చాడు.

వర్డ్‌లో పేజీకి పది కార్డులు పడతాయి. మొదటిదాన్ని పెద్దది చేసి చూపించాను. పేరూ, ఫోన్ నంబరూ వేలుపెట్టి మరీ చదువుకున్నాడు.

"బాగుంది, కొట్టెయ్."

మిగతా తొమ్మిదీ చూడలేదు. వాటిల్లో నంబరు నాది.

కార్డులు తనే తిరిగి ఊరంతా పంచాడు. మర్నాడే నా ఫోను మోగింది.

"ఫ్రిజ్ చల్లబడట్లేదు. మెకానిక్‌ని పంపుతారా?"

"వాడు రాడండీ. వాడికి పని నేర్పినదాన్ని, నేనొస్తున్నా," అన్నాను.