పద్నాలుగు అంతస్తుల కొండ

తొమ్మిదో అంతస్తు దగ్గర మల్లికార్జున్‌కి ఆయాసం వచ్చింది.

గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వీపు మీద బ్యాగు, అందులో బరువు కోసం పది పౌండ్ల బియ్యం సంచి. ఇంకా ఐదు అంతస్తులు ఎక్కాలి.

కింద బకెట్ చప్పుడైంది. మెట్లు తుడిచే ముసలాయన.

మల్లికార్జున్ గబగబా పైకి కదిలాడు. తను ఆగిపోవడం ఎవరూ చూడకూడదు.

ఏప్రిల్‌లో మొరాకో వెళ్లాలి. అట్లాస్ పర్వతాల్లో, బెర్బర్ తెగ వాళ్ల ఊళ్ల మీదుగా, గైడ్ వెంట ఆరు రోజుల నడక. ఆఖరి రోజు శిఖరం. బుక్ చేసింది కూతురు ఇషిత.

తల్లిదండ్రులు విడిపోయాక ఇషిత అతనితో మాట్లాడటం బాగా తగ్గించింది. చదువుకి దూరంగా సస్కటూన్ వెళ్లాక పుట్టినరోజుకి ఒక మెసేజ్, అంతే. అలాంటిది తనే ఫోన్ చేసి, "డాడ్, విల్ యూ కమ్ విత్ మీ?" అని అడిగింది.

యాభై మూడేళ్ల వయసు, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. అయినా కాదనలేకపోయాడు.

అందుకే రోజూ సాయంత్రం కెనడాలోని సర్రీలో తానుండే బిల్డింగ్ మెట్లు ఎక్కుతున్నాడు. ఆఫీసు అలసట మీద ఈ అలసట. కొద్దిరోజులుగా ఛాతీలో ఎడమ పక్క ఏదో పట్టేసినట్టుంటోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ప్రయాణం ఆగిపోతుంది.

"ఏ కొండకి సార్?" ఒకరోజు అతని బూట్లు చూసి ముసలాయన అడిగాడు. వచ్చీరాని ఇంగ్లిష్.

"మొరాకోలో. టూబ్కాల్. మా అమ్మాయితో."

"గైడ్ ఎవరు?"

"లహ్సెన్ అట." చెబుతూనే మెట్టెక్కాడు. నిలబడి కబుర్లు చెప్పే ఓపిక లేదు.

"మెల్లగా సార్. మాట్లాడుతూ ఎక్కగలిగితేనే అది మీ నడక."

మల్లికార్జున్ వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత ముసలాయన అతన్ని వదల్లేదు. మెట్లు ఎవరైనా పైనుంచి కిందికి తుడుస్తారు. ఈయన కిందినుంచి పైకి తుడుచుకుంటూ వస్తాడు. రోజూ సరిగ్గా ఒక అంతస్తు వెనక. తను ఆగితే బకెట్ ఆగుతుంది. తను కదిలితే అదీ కదులుతుంది.

రెండు వారాలు చూసి బిల్డింగ్ మేనేజర్‌కి మెయిల్ పెట్టాడు. 'రోజూ నా వెనకే వస్తున్నాడు. ఇబ్బందిగా ఉంది.'

రెండు రోజులకి జవాబొచ్చింది. ఆయన్ని పక్క ఊరు లాంగ్లీలో వేరే బిల్డింగ్‌కి మార్చారట.

మెట్ల మీద ఇక ఏ చప్పుడూ లేదు. నొప్పి మాత్రం ఉంది.

ఫిబ్రవరి సెలవులకి ఇషిత వచ్చింది. శనివారం పొద్దున్నే ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. గైడ్‌తో వీడియో కాల్.

లహ్సెన్ కుర్రాడే. ఎలాంటి సాక్స్ కొనాలో, ఎన్ని కోట్లు సర్దుకోవాలో ఓపిగ్గా చెప్పాడు. చివరికి అడిగాడు.

"సార్, మీ ఛాతీ నొప్పి ఎలా ఉంది?"

ఇషిత తండ్రి వైపు తిరిగింది.

"మీ బిల్డింగ్‌లో మెట్లు తుడిచిన హమ్మూ మా లోయ మనిషే. ఇక్కడ లహ్సెన్ అనే గైడ్లం నలుగురం ఉన్నాం. నలుగురికీ ఫోన్ చేశాడు, సర్రీ నుంచి వచ్చే తండ్రీ కూతుళ్లు ఎవరి దగ్గరికని. తొమ్మిదో అంతస్తులో ఆయన చెయ్యి ఛాతీ మీదికి పోతుంది, ఎవరికీ చెప్పడు, డాక్టర్ చూడకుండా కొండెక్కించకు అన్నాడు."

"నాన్నా," అంది ఇషిత. ఆ మాట ఆమె నోట విని చాలా ఏళ్లయింది.

ఆ మధ్యాహ్నమే ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. రెండు రక్తనాళాలు దాదాపు మూసుకుపోయాయి.

"ఈ గుండెతో కొండెక్కితే దిగేవారు కాదు," అన్నాడు డాక్టర్.

స్టెంట్లు వేసి మూడో రోజు ఇంటికి పంపారు. ఇషిత తిరుగు ప్రయాణం వాయిదా వేసుకుంది. తండ్రి కాస్త లేచి తిరగగానే కారులో లాంగ్లీ తీసుకెళ్లింది.

"హమ్మూనా? మానేశాడు కదా," అంది అక్కడి ఆఫీసులో ఉన్నావిడ. "ఇక్కడికి రావాలంటే మూడు బస్సులు మారాలట. వారం వచ్చాడు. మోకాళ్లు సహకరించడం లేదన్నాడు. మా దగ్గరున్న నంబర్ పనిచేయడం లేదు."

కారులో కూర్చున్నాక మల్లికార్జున్ మెయిల్ సంగతి కూతురికి చెప్పాడు. ఇషిత లహ్సెన్‌కి ఫోన్ కలిపి ఇచ్చింది.

"మాకూ ఫోన్ రావడం లేదు సార్," అన్నాడు లహ్సెన్. "ఎక్కడున్నాడో తెలియదు."

"నా వల్లే పోయింది ఆయన పని. రోజూ నా వెనకే వస్తున్నాడని కంప్లైంట్ చేశాను."

"కొండ మీద మాలాంటి కుర్రాళ్లం ముందు నడుస్తాం సార్," అన్నాడు లహ్సెన్. "అందరిలోకీ పెద్ద గైడ్, బాగా అలిసిపోయిన మనిషి ఎవరో చూసుకుని అతని వెనక నడుస్తాడు. ముప్పై రెండేళ్లు మా కొండ మీద అలా నడిచింది హమ్మూనే."