ముక్కు వెనక్కి

"ముక్కు కొంచెం వెనక్కి తీసుకోండమ్మా," అన్నాడు బాబాయ్.

ఆవిడ ఉలిక్కిపడి నిటారుగా నిలబడింది.

"కాళ్ళు గీతకి ఇవతలే ఉన్నాయి కదండీ," అంది.

"కాళ్ళు ఉన్నాయమ్మా. ముక్కు దాటింది. ముక్కు కూడా మీదే కదా."

"సారీ అండీ," అని ఆవిడ పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

అది ఆధునిక కళల మ్యూజియంలో నాలుగో గది. అందులో ఉన్నది ఒకే ఒక్క కళాఖండం. మూడు వేల రెండు వందల అరిగిపోయిన సబ్బు ముక్కలతో కట్టిన గోడ. ఎవరెవరి స్నానాల గదుల్లోంచో ఏరుకొచ్చిన ముక్కలు. కొన్నిటికి వెంట్రుకలు కూడా అతుక్కొని ఉన్నాయి. పక్కన పలక మీద 'మిగిలినవి' అని పేరు. నేల మీద నల్ల గీత.

చూసిన ప్రతివాళ్ళకీ వాసన చూడాలనిపిస్తుంది. దూరంగా ఉండమన్న దాని దగ్గరికి మనిషికన్నా ముందు మనిషి ముక్కు వెళుతుంది. ఆ సంగతి బాబాయ్‌కి తెలిసినంతగా ఆ గోడ కట్టిన కళాకారుడికి కూడా తెలియదు.

ఆరేళ్ళ కిందట, మొదటి రోజు, ఓ భారీ మనిషి గులాబీరంగు సబ్బుని గోటితో గీకబోయాడు. "ముట్టుకోకండి," అన్నాడు బాబాయ్. ఆ భారీ మనిషి చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. తన మాట విని ఇంకో మనిషి చేస్తున్న పని మానుకోవడం బాబాయ్ జీవితంలో అదే మొదటిసారి. ఇంట్లో టీవీలో ఏం చూడాలో అత్తగారు నిర్ణయిస్తుంది. ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో బావమరిది నిర్ణయిస్తాడు. తక్కినవన్నీ భార్య చూసుకుంటుంది.

ఆ రోజు నుంచి ఒక్కనాడూ నాగా లేదు, సోమవారాలు తప్ప. సోమవారం మ్యూజియం మూసేస్తారు. ఆ ఒక్కరోజూ ఆయన గోళ్ళు గిల్లుకుంటూ గడుపుతాడు.

మూడో గదిలో కాపలా ఉండే అమ్మాయి గుమ్మంలోంచి తల లోపలికి పెట్టింది.

"బాబాయ్, విన్నారా? కొత్త డైరెక్టర్ గారు గదిగదికీ వస్తున్నారు. రెండో గదిలో కుర్చీలో కునుకు తీస్తున్నాయన్ని అప్పటికప్పుడు పంపించేశారు. అక్కర్లేని వాళ్ళందరూ ఇంటికేనట."

ఇల్లు అన్న మాట వినగానే బాబాయ్ గీత పక్కకి ఇంకాస్త జరిగి నిలబడ్డాడు.

"మీకేం భయం? మీరు పాతకాపులు. మేమంటే ఏజెన్సీ వాళ్ళం, మూడు నెలలకోసారి మారిపోతాం."

"అలా అనుకోకు తల్లీ. నన్ను పంపించడం ఎంతసేపు."

"సరేగానీ చొక్కా సర్దుకోండి. భుజం మీద పట్టీ ఏది?"

"ఈ చొక్కాకి రాలేదు."

"నాకు చూడండి, ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. వీళ్ళ యూనిఫారాలకో దణ్ణం," అంటూనే అడుగుల చప్పుడు విని మాయమైపోయింది.

డైరెక్టర్ వచ్చాడు. బక్కపలచటి మనిషి. వెనకే రెండు రిజిస్టర్లు మోసుకుంటూ గుమస్తా. డైరెక్టర్ బాబాయ్ వంక చూడలేదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళాడు. గీత దగ్గర ఆగాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆయన మెడ సాగడం మొదలుపెట్టింది.

నోరు తెరిస్తే ఇల్లు. తెరవకపోతే ఈ ఆరేళ్ళూ దేనికి? ఇన్నాళ్ళూ వెనక్కి పంపిన ముక్కులన్నిటికీ ఏం సమాధానం చెప్పాలి?

డైరెక్టర్ ముక్కు పచ్చ సబ్బుకి నాలుగు వేళ్ళ దూరంలోకి వచ్చింది.

"ముక్కు వెనక్కి, సార్."

గుమస్తా చంకలోంచి ఒక రిజిస్టర్ జారి కిందపడింది. గుమ్మం చాటున మూడో గది అమ్మాయి కళ్ళు మూసుకుంది.

డైరెక్టర్ మెల్లగా మెడ వెనక్కి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఉన్నారిక్కడ?"

"ఆరేళ్ళండీ."

"రోజూ వస్తారా?"

"సోమవారం తప్ప."

డైరెక్టర్ రిజిస్టర్ తెరిచాడు. పేజీలు తిప్పాడు. రెండోది కూడా తీసుకుని మొదటినుంచీ చివరిదాకా తిప్పాడు. ఆ పేజీలతోపాటే బాబాయ్ ప్రాణాలూ అటూ ఇటూ తిరిగాయి.

"ఏమయ్యా," అన్నాడు గుమస్తాతో. "నాలుగో గది మీద ఒక్క సెలవు లేదు. ఒక్క మెమో లేదు. జీతం పెంచమని ఒక్క అర్జీ లేదు. ఆరేళ్ళలో ఈ మనిషి గురించి రాయడానికి మీకు ఒక్క ముక్క దొరకలేదు."

గుమస్తా అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఊపాడు.

"ఈ గదిలో ఈయనే ఉంటారు. ఇంకెవర్నీ వేయొద్దు. ఉద్యోగం అంటే ఏంటో వచ్చి చూసి నేర్చుకోమను అందర్నీ."

తర్వాత బాబాయ్ వైపు తిరిగి, "సారీ అండీ," అన్నాడు. గీత నుంచి రెండడుగులు వెనక్కి వేసి మరీ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బాబాయ్ ఎవర్నీ అడక్కుండా లేచి వెళ్ళి ఫ్యాను వేగం ఒక నంబరు పెంచాడు. బావమరిది నోరు తెరిచి, ఆయన మొహం చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ ఇస్త్రీ చేసిన నీలం చొక్కా తొడుక్కుని, ఈ ఆరేళ్ళుగా రోజూ చేస్తున్నట్టే తలుపులు తెరవడానికి పావుగంట ముందు మ్యూజియం చేరుకుని, వరుసలో అందరికన్నా ముందు నిలబడి, ఒక సీనియర్ సిటిజన్ టిక్కెట్టు కొనుక్కున్నాడు.