గోడ దాటే ఎర్రపెట్ట

ఎర్రపెట్ట మళ్లీ గోడ దాటింది. ఆ సంగతి పద్మమ్మకు గోడ అవతలి నుంచి నాగవేణి గొంతు చెప్పింది.

"ఏమే, మీ ఇంట్లో నూకలకు కరువొచ్చిందంటనే? నా తోటకూర మడే దొరికిందా నీకు?"

తిడుతున్నది కోడిని. తగలాల్సింది పద్మమ్మకు. నాగవేణి ఆమెకు తోడికోడలు, మరిది భార్య. పద్మమ్మ భర్త పెద్దకర్మ నాడు, పప్పులో ఉప్పు తక్కువైందన్న దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆనాటి నుంచి మాటల్లేవు. ముందు ఎవరు పలకరించాలన్నది ఇప్పటికీ తేలలేదు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ అక్క మీద కోపం కోడి మీద.

పద్మమ్మ మాత్రం తక్కువ తిందా? గోడ దగ్గరికి పోయి ఆమె కూడా కోడితోనే మాట్లాడింది.

"ఇట్ల రాయే తల్లీ. రెండాకులు తింటేనే అంత ఏడుపైతే, ఇంక ఆ పక్కకు పోవద్దులే."

"నోటితో చెప్తే సరిపోద్దా? గూడు కట్టి పెట్టుకోవాల. ఇంకోసారొస్తే కూరొండేస్తానని చెప్పవే మీ అమ్మకు."

పద్మమ్మ మిగిలిన పెట్టలను దగ్గరికి పిలుచుకుంది. పిల్లాపీచూ లేని మనిషి. మార్కాపురం శివార్లలో చిన్న ఇల్లు, నాలుగు పెట్టలు, ఒక పుంజు. పొద్దున లేస్తే ఆమె అవసరం ఉన్నది వాటికే. ఒక్కటి తగ్గినా తట్టుకోలేదు.

గూడు కొనే స్తోమత లేదు. మూతపడ్డ పలకల ఫ్యాక్టరీ వెనక విరిగిన పలకలు గుట్టలుగా పడి ఉన్నాయి, అడిగే నాథుడు లేడు. తట్టతో మోసుకొచ్చింది. ఊతానికి కందికట్టె ఇంటి వెనకే ఉంది. భర్త ట్రంకుపెట్టె అడుగు తుప్పుపట్టి ఊడినా, మూత గొళ్లెంతో సహా గట్టిగానే ఉంది. గూటికి అదే కప్పు, అదే తలుపు. బేల్దారి పనికి పోయే ఎదురింటి నరేష్ ఒక ఆదివారం వచ్చి, మట్టి పిసికి పలకలు పేర్చాడు. నాగవేణి వాళ్ల గోడకు ఆనించి కడితే ఒక పక్క కట్టే పని తప్పుతుందన్నాడు. సరేనంది.

"ఇంక చీమ గూడ బయటికి రాదు పెద్దమ్మా."

చీమ సంగతేమో గానీ, తెల్లారేసరికి ఎర్రపెట్ట తోటకూర మడిలో ఉంది.

"గూడు కట్టినారంటనే? నీకు కట్టినారా, నాకు సూపిచ్చేదానికి కట్టినారా? మోకాళ్లు పట్టుకుపోయి లేచేదానికే కాకపోతాంటే, నీ ఎంట పడి తిరగాల్నా నేను?"

నాగవేణికి మోకాళ్ల నొప్పులని పద్మమ్మకు అప్పుడే తెలిసింది. మరిది లారీ మీద నాగపూర్ పోయాడని, నెల దాటినా రాలేదని, ఇంకో రోజు తిట్లలో తెలిసింది. తిడుతూ చెప్పినా కబురు కబురే. పద్మమ్మ కూడా కోడిని చంకన పెట్టుకుని, దానికి చెబుతున్నట్టే చెప్పింది.

"మోకాళ్లకు వావిలాకు ఏడి చేసి కాపడం పెడితే తగ్గుద్దే. వినేవాళ్లుంటే గదా."

నరేష్ మళ్లీ వచ్చాడు. మూలన సందుందని మట్టి మెత్తాడు. పెట్టల రెక్కలు కత్తిరించమన్నాడు. పద్మమ్మ కత్తిరించింది. అయినా ఎర్రపెట్ట అటే తేలింది. మూడోసారి వచ్చినవాడు గూడు చుట్టూ తిరిగి, మూత ఎత్తి దించి, తల గోక్కున్నాడు.

"గొళ్లెం వదులుగా ఉంది. ముక్కుతో లేపి, తలతో మూత నెట్టుకొని వస్తాంది. మహా తెలివైన పెట్ట పెద్దమ్మా ఇది. తాళం ఎయ్యి."

పాత తాళమొకటి వెతికి వేసింది.

మరునాడు పెట్ట గూట్లోనే ఉంది. ఆ మరునాడూ గూట్లోనే. తోటకూర బతికింది. గోడ అవతల గొంతు లేదు.

పద్మమ్మ గిన్నెలు చప్పుడయ్యేలా తోమింది. ఏ పాపమూ ఎరగని పుంజును గట్టిగా కసిరింది. అటు నుంచి దగ్గు కూడా వినపడలేదు. తన ఇల్లు ఇంత పెద్దదా అనిపించింది. భర్త పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా లేదు. తిట్టడానికైనా ఒక మనిషి ఉండాలి కదా అనుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం పనినుంచి వస్తూ నరేష్ వాకిట్లో ఆగాడు.

"ఏం పెద్దమ్మా, ఇప్పుడు నెమ్మదిగా ఉందా?"

"ఉంది నాయనా. శానా నెమ్మదిగా ఉంది," అంది. అతను చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది.

అతను అటు పోగానే తాళం తీసేసింది. బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. గొళ్లెం మాత్రం వేసి వదిలేసింది.

తెలతెలవారుతుండగా వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. పెట్ట గొళ్లెం లేపితే సరే, లేపకపోతే తానే పోయి మూత తీసి, గోడ అవతల దింపి రావాలనుకుంది. సిగ్గుగానే ఉంది, అయినా అనుకుంది.

"ఈ ఒక్కసారికి పోవే తల్లీ," అని మనసులోనే దండం పెట్టుకుంది.

ఆ మసక వెలుతురులో, గోడ మీంచి నడుం దాకా ఇవతలికి వంగిన నాగవేణి, గొళ్లెం తీసి, ఎర్రపెట్టను చప్పుడు కాకుండా ఎత్తి తన పెరట్లోకి వదిలి, మూత ఎప్పటిలాగే వేసేసి, తిట్టడానికి గొంతు సవరించుకుంది.